తొంభై ఆరు గీతలు

పొద్దున తొమ్మిదింటికి షట్టరు ఎత్తగానే టేపమ్మాయి ముందు మిషను పట్టాల మీద వేలు పెట్టి రాస్తుంది. తర్వాత ఆ వేలు చూసుకుంటుంది. నలకంత దుమ్ము కనిపించినా పిన్ని వైపు చూస్తుంది.

"నా వైపు చూస్తావేం పిల్లా? నిన్న తుడిచింది నేనే, ఒప్పుకుంటా. దుమ్ము మాత్రం నాది కాదు," అంటుంది పిన్ని.

మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది కాబట్టి వీధిలో ఆమెకి ఆ పేరు స్థిరపడిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళు. కొలిచి చూడందే ఏదీ నమ్మదు. అర లీటరు పాల ప్యాకెట్‌ని కొలత గ్లాసులో పోసి చూసే రకం. ఐదేళ్ళ కిందట ఎవరి సలహా అడక్కుండా ఈ లాంగ్ ఆర్మ్ మిషను కొని, దాంతో వచ్చిన పుస్తకం చూసి తనే బిగించుకుంది. గది పద్నాలుగు అడుగులు, ఫ్రేము పన్నెండు. మిగిలింది అటు అడుగు, ఇటు అడుగు. ఆ సందులో పక్కవాటున నడవడం పిన్నికి ఎంత అలవాటైపోయిందంటే, బజారులో కూడా ఒక్కోసారి అలాగే నడుస్తుంది.

మామూలు కుట్టు మిషన్లో మిషను కూర్చుంటుంది, బట్ట కదులుతుంది. ఇందులో బట్ట కూర్చుంటుంది, మిషను కదులుతుంది. పైబట్ట, దూది పొర, కింది బట్ట మూడూ రోలర్లకి చుట్టి బిగిస్తే, చక్రాల మీద ఉన్న మిషను తలని రెండు పిడులు పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకి నడిపించాలి. ఒక గీత అయ్యాక రోలరు తిప్పుకోవాలి. బొంతలు కుట్టడమంటే ఇంతే. ఇందులో పూలు, తీగలు, సుడులు చూసేవాళ్ళకి గొప్పగా ఉంటాయి కానీ పనివాళ్ళకి అవే సులువు. పూలలో తప్పు దొర్లితే అదీ ఓ రేకు అయిపోతుంది. తిన్నని గీతలో తప్పు తప్పుగానే ఉండిపోతుంది. అందుకే పూలు కావాలని వచ్చేవాళ్ళంటే టేపమ్మాయికి మొదట్నుంచీ కాస్త అనుమానమే.

మరీ ముఖ్యంగా, పోయినవాళ్ళ బట్టలతో బొంత చేయించుకుంటూ పూలు అడిగేవాళ్ళంటే.

పోయినవాళ్ళ బట్ట మీద గీత నేరుగా పోదు. తల పక్కకు కదలకుండా చక్రాల లాకు వేసి, పిడులు గట్టిగా పట్టుకుని, రెండో మనిషి సాయం పట్టినా పోదు. ఆ ముక్క అంచు దగ్గరికి రాగానే మిషను తల దానంతట అది పక్కకు ఒరిగి, ముక్క చుట్టూ తిరిగి, అవతల మళ్ళీ తన గీతలో పడుతుంది. ఆ ముక్క మాత్రం కుట్టు పడకుండా చిన్న దిండులా ఉబ్బి మిగిలిపోతుంది. ఇంటివాళ్ళు రాత్రి దాని మీద చెయ్యి వేసుకుని పడుకుంటారు. పూలూ సుడులూ అయితే ఎవరి బట్ట మీదైనా ఒకేలా పడతాయి, అందుకని అలాంటి బొంతలకి అందరూ గీతలే కుట్టించుకుంటారు. టేపమ్మాయి ఆ పనికి దారం మూరెడు ఎక్కువ చుట్టుకుంటుంది, అంతే. ఒక్క షరతు ఉంది. ఆ బట్టని తర్వాత ఇంకెవరైనా ఒక్కసారి ఒంటిమీద వేసుకున్నా సరే, గీత మామూలుగా దాని మీద నుంచే పోతుంది.

ఆ సోమవారం తాళాలు బాగుచేసేవాడు వచ్చాడు. భుజాన మూట. అతని భుజాలు ఎంత వెడల్పంటే, షాపులోకి అతనూ మూటా కలిసి రాలేక ముందు మూటని లోపలికి పంపాడు.

"మా అన్న పోయాడు. తెలుసుగా మీకు," అన్నాడు.

తెలుసు. ఓడలో పనిచేసే పెద్దవాడు సముద్రంలో పడిపోయాడనీ, మనిషి దొరకలేదనీ నెల కిందటే వీధంతా అనుకుంది.

"అమ్మ వాడి చొక్కాలు పన్నెండు కత్తిరించి ఇలా అతికింది. దీన్ని బొంత చెయ్యాలి. సుడులు పెట్టండి. దగ్గర దగ్గరగా, ఖాళీ లేకుండా."

టేపమ్మాయి మూట విప్పింది. తెల్లబట్ట మీద మూడేసి చొప్పున నాలుగు వరసలు. ఒక్కోటీ చొక్కా వీపు భాగం, భుజాల నుంచి కింద దాకా పద్దెనిమిది అంగుళాలు. వరసకీ వరసకీ మధ్య ఆరంగుళాల తెలుపు, పైనా కిందా మూడేసి. అంచులు తూచినట్టు ఉన్నాయి. కుట్టిన చెయ్యి అతని అమ్మ టీచరమ్మది మరి, ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన చెయ్యి.

"సుడులా? గీతలు కాదూ?"

"సుడులే. గీతలంటే... అమ్మ చూసి తట్టుకోలేదు."

"చూసి తట్టుకోలేకపోవడమేంటి తాళాలన్నా? చూసుకోడానికేగా కుట్టించేది."

అతను జేబులో తాళంచెవుల గుత్తి తీసి, ఒక్కోటీ అటు నుంచి ఇటు జరుపుతూ నిలబడ్డాడు. "సుడులు పెట్టండి," అని మళ్ళీ అని, రసీదు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

"రసీదు తీసుకోలేదు చూశావా?" అంది టేపమ్మాయి.

"దుఃఖంలో ఉన్నాడే."

"తాళాలు బాగుచేసేవాడు రసీదు మర్చిపోతాడా పిన్నీ? వాళ్ళకో మేడ ఉంది. అన్న లేడంటే మొత్తం ఎవరిది?"

"నీ అనుమానం పాడుగాను. ఆ పిల్లాడు చీమకి కూడా తలుపు తీసి పంపే రకం."

మధ్యాహ్నం టీచరమ్మే స్వయంగా వచ్చింది. బక్కపలచని మనిషి, నిటారుగా నిలబడి మాట్లాడుతుంది. వెనక బోర్డు ఉన్నట్టే ఉంటుంది.

"అమ్మాయ్, మావాడు ఏం చెప్పి వెళ్ళాడు?"

"సుడులన్నాడండీ."

"అనుకున్నా. నాకు గీతలు కావాలి. అంగుళానికొకటి. పొడుగు తొంభై ఆరు అంగుళాలు, తొంభై ఆరు గీతలు. ఒక్కటి తగ్గినా నాకు తెలుస్తుంది." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మనిషిని చూడలేదు నేను. చెయ్యి పెట్టుకోడానికైనా ఏదో ఒకటి ఉండాలిగా."

మర్నాడు టేపమ్మాయి బట్ట ఫ్రేముకెక్కించింది. లాకు వేసింది. మొదటి మూడు గీతలూ తెలుపు మీద. నాలుగోది మొదటి వరస చొక్కాల అంచు తాకుతుంది. ఆమె పిడులు కాస్త వదులుగా పట్టుకుంది, తల ఎటు ఒరిగితే అటు పోనిద్దామని.

తల ఒరగలేదు. నీలిగళ్ళ చొక్కా మీద నుంచి, పక్కనున్న బూడిదరంగు దాని మీద నుంచి, ఆ పక్క చారల చొక్కా మీద నుంచి ఈ కొస నుంచి ఆ కొసకి గీత గీసినట్టు వెళ్ళిపోయింది.

ఐదోది. ఆరోది. ఏడోది. అన్నీ నేరుగానే.

ఆమె మిషను ఆపింది. లాకు తీసి వేసింది. చక్రాలు చూసింది, దారం బిగువు చూసింది, సూది మార్చింది. ఎనిమిదోదీ అలాగే పోయింది.

"పిన్నీ, బాబాయి తువ్వాలు ఇటివ్వు."

పిన్ని బాబిన్ల డబ్బా అడుగున దాచుకున్న తువ్వాలు తీసి, ఇవ్వలేక ఇవ్వలేక ఇచ్చింది. టేపమ్మాయి దాన్ని కింది బట్ట మిగులు మీద పిన్నులతో గుచ్చి, మిషను నడిపింది. తువ్వాలు అంచు రాగానే తల చటుక్కున పక్కకు తిరిగి, బాబాయి చుట్టూ మర్యాదగా ఓ ప్రదక్షిణ చేసి దారిలో పడింది.

"బతికుండగా ఆయనకి ఒక్కరూ దారి ఇవ్వలేదు," అంది పిన్ని తువ్వాలు మడత పెట్టుకుంటూ. "ఇప్పుడు చూడు, సూది కూడా తప్పుకుంటోంది."

మిషను బాగానే ఉంది. అయితే బాగాలేనిది తాళాలవాడే.

ఆమె ఫోన్ చేసి "దారం రంగు చూసుకోవాలి, రండి" అంది. మర్నాడు పొద్దున్నే వచ్చాడు. ఫ్రేము మీద గీతలు చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అప్పటికి పదమూడు గీతలు పూర్తయ్యాయి.

"సుడులు పెట్టమన్నానుగా."

"మీ అమ్మగారు గీతలన్నారు. ఇవి నేరుగా పోయాయి తాళాలన్నా. ఎందుకంటారు?"

అతను వెంటనే అన్నాడు, ముందే బట్టీ పట్టినట్టు: "నేను వేసుకున్నా. వాడి మీద బెంగతో. రోజుకొకటి."

"పన్నెండూ?"

"పన్నెండూ."

"ఒకసారి వెనక్కి తిరగండి."

"ఎందుకు?"

"తిరగండి చెప్తా."

అలవాటు కొద్దీ తిరిగాడు. ఆమె మెడలో టేపు తీసి అతని భుజం నుంచి భుజానికి పెట్టింది. ఇరవై ముప్పావు. తర్వాత ఫ్రేము మీద చొక్కా భుజాలు కొలిచింది. పదిహేడు.

"మూడు ముప్పావు అంగుళాలు తేడా. మీరు ఇందులో దూరితే ఒక్క చెయ్యి పడుతుంది. రెండో చెయ్యి దూర్చేసరికి వీపు చిరగాలి. పన్నెండు చొక్కాల్లో ఒక్కదానికీ చిరుగు లేదు." ఆమె గొంతు పెంచలేదు. "మేడ కోసమా?"

అతను ఆమె వైపు అర్థం కానట్టు చూశాడు. "ఏ మేడ?"

ఆ చూపుతో టేపమ్మాయి లెక్క తప్పింది. ఆమె జీవితంలో అలా తప్పడం చాలా తక్కువ. స్టూలు జరిపి, "కూర్చోండి," అంది.

అతను కూర్చున్నాడు. తాళంచెవుల గుత్తి చేతిలో ఉంది కానీ ఒక్క చెవి కూడా కదపలేదు.

"ఆస్పత్రిలో ఉన్నాడు. ఇక్కణ్ణుంచి ఆరు గంటల దారి. నాన్నకి వచ్చిందే వాడికీ వచ్చింది. నాన్న మంచం పక్కన అమ్మ పద్నాలుగు నెలలు స్టూలు మీద కూర్చుంది. ఆయన పోయాక రెండేళ్ళు ఎవరితోనూ నోరు విప్పలేదు. ఈసారి అమ్మని ఆ స్టూలు మీద కూర్చోబెట్టనురా అన్నాడు వాడు. సముద్రంలో పోయానని చెప్పు, ఒక్కసారి ఏడిచి ఊరుకుంటుంది అన్నాడు. నా చేత ఒట్టేయించుకున్నాడు."

"ఎన్నాళ్ళున్నాయంట?"

"ఓ డాక్టరు వారం అన్నాడు. ఇంకొకాయన రెండు వారాలు." చేతులు జోడించబోయి, చేతిలో చెవులుండటంతో అలాగే ఆగిపోయాడు. "వీటి మీద సుడులు కుట్టెయ్యండి. గీతలు కనపడకుండా. మీకు పుణ్యముంటుంది."

టేపమ్మాయికి అది పావుగంట పని. చెయ్యి పిడి మీదే ఉంది. పిన్ని బాబిన్ చుట్టడం ఆపి, ఆమెని చూస్తోంది.

"తాళాలన్నా," అంది చివరికి, "పోయినవాడి మీద చెయ్యి వేసుకుందామని ఆవిడ కుట్టించుకుంటోంది. ఉన్నవాడి మీద వేసుకునే వీలుండగా నేను సుడులు కుట్టలేను. నేనేమీ చెప్పను. ఆవిణ్ణి పిలుస్తా. వచ్చి ఆవిడే చూసుకుంటుంది. ఆలోగా మీరు వెళ్ళిపోతే మీ ఇష్టం."

అతను వెళ్ళలేదు.

టీచరమ్మ పదకొండు కాకముందే వచ్చింది. చిన్నకొడుకు స్టూలు మీద తల దించుకుని ఉండటం చూసింది. పక్కవాటున ఫ్రేము సందులోకి వెళ్ళి, నీలిగళ్ళ చొక్కా మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి ఎడమ నుంచి కుడికి నడిచింది, బూడిదరంగు మీదకి, చారల మీదకి. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఎక్కడా ఉబ్బు తగల్లేదు.

"వీడు వేసుకున్నానన్నాడా?" అని టేపమ్మాయిని అడిగింది.

"అన్నాడండీ."

"వీడి వీపు నాకు తెలీదూ? మూడో తరగతిలోనే అన్న చొక్కా వేసుకోబోయి చించాడు." కొడుకు వైపు తిరిగింది. "ఎక్కడున్నాడ్రా?"

అతను చెప్పాడు. అంతా చెప్పాడు. ఆవిడ మధ్యలో ఆపకుండా, తప్పు సమాధానం చెబుతున్న పిల్లాడి మాట చివరిదాకా విన్నట్టు వింది.

"నేను ఏడుస్తానని, నన్ను ముందే ఏడిపించి కూర్చున్నారన్నమాట."

"అమ్మా, వాడే..."

"వాడి సంగతి వాడితో తేల్చుకుంటా. బస్సు ఎన్నింటికి?"

"పన్నెండింటికి."

"నువ్వు ముందు నడువు. నువ్వు వెనక ఉంటే ఎవరికి ఫోన్ చేస్తావో తెలీదు." గుమ్మం దగ్గర ఆగి టేపమ్మాయితో అంది: "నువ్వు మిషను ఆపకు. వీళ్ళ మాట నేనిక నమ్మను. డాక్టర్లు కూడా వీళ్ళ మాటే చెప్తారేమో. దారిలో ఫోన్ చేస్తా. గీత ఎలా పోతోందో అది ఒక్కటి చెప్పు చాలు."

పన్నెండున్నరకి మొదటి ఫోన్. "ఎలా పోతోంది?"

"నేరుగా పోతోందండీ. పద్నాలుగోది."

గంటకో ఫోన్. టేపమ్మాయి గంటకో గీత. మామూలుగా అయితే ఐదు నిమిషాల పని. ఆ రోజు సూదిని అంగుళం అంగుళంగా నడిపించింది. ప్రతి చొక్కా అంచు దగ్గరా తల ఒరుగుతుందేమోనని పిడులు వదులు చేసి చూసింది. ఒక్కసారి దారం తెగితే గుండె కూడా తెగినంత పనైంది.

"ఆపేస్తే పోలా?" అంది పిన్ని. "కుట్టకపోతే తెలియదుగా."

"తెలియకపోతే ఉన్నట్టా?"

"అదీ నిజమే. కుట్టు."

పంతొమ్మిదో గీత చివర ఉండగా ఫోన్ మోగింది. వెనకాల బండి చక్రాల చప్పుడు, ఎవరో ఎవర్నో పిలుస్తున్న చప్పుడు. టీచరమ్మ గొంతు: "చేరాం." తర్వాత ఫోన్ చేతిలో పెట్టుకునే మర్చిపోయిందేమో, దూరంగా వినిపించింది. "సముద్రంలో పడ్డవాడివి ఒళ్ళంతా పొడిగా ఉన్నావేంరా?" ఎవరో నవ్వబోయి దగ్గారు.

టేపమ్మాయి ఫోన్ పెట్టేసి, పంతొమ్మిది పక్కన సుద్దతో చిన్న చుక్క పెట్టుకుంది.

ఆ తర్వాత రోజుకి ఆరు గీతలు. అంతకు మించి కుట్టలేదు. పూలవాళ్ళూ తీగలవాళ్ళూ వచ్చి గొడవపడితే, "ఫ్రేము ఖాళీ లేదు" అని పంపేసింది. రోజూ సాయంత్రం తాళాలవాడు ఫోన్ చేసేవాడు. అన్న రెండు చెంచాలు తిన్నాడు. అన్నా అమ్మా దిండు విషయంలో పోట్లాడుకున్నారు. చిన్నప్పుడు అన్న దాచిన మార్కుల కాగితం సంగతి అమ్మ ఇప్పుడు బయటికి లాగింది. టేపమ్మాయి ఒక్కోదాన్నీ అనుమానంగానే వినేది, నిజంగా తిన్నాడా అని. మర్నాడు గీత నేరుగా పోయాక నమ్మేది.

తొమ్మిదో రోజు మూడో వరస చొక్కాలు అరవై తొమ్మిదో గీతతో అయిపోయాయి. మధ్య తెలుపు మొదలైంది. తెలుపు మీద గీత ఎవరున్నా నేరుగానే పోతుంది, ఎవరు లేకపోయినా నేరుగానే పోతుంది. ఆ రోజు ఆఖరిగా కుట్టింది డెబ్బై మూడోది. కుడుతుంటే గోడ గడియారం చూసింది, నాలుగుంబావు. సాయంత్రం ఫోన్ రాలేదు. తనే చేసింది. స్విచాఫ్.

"ఛార్జింగ్ అయిపోయుంటుంది," అంది పిన్ని.

టేపమ్మాయి నమ్మలేదు. పిన్నీ నమ్మలేదు.

మర్నాడు పొద్దున పట్టాలు తుడవకుండానే మిషను ఆన్ చేసింది. డెబ్బై నాలుగు. డెబ్బై ఐదు. డెబ్బై ఆరోది నాలుగో వరసలో మొదటి చొక్కా అంచుకి వచ్చింది. చేతులు పిడుల మీద ఉన్నాయి, లాకు వేసే ఉంది. మిషను తల నెమ్మదిగా, ఎవరినో లేపకుండా పక్క నుంచి జరిగినట్టు, భుజం వంపు వెంట తిరిగింది.

ఆమె ఆపలేదు. దాన్ని తిరగనిచ్చింది. చివరి దాకా నడిపించి, సూది ఎత్తి, పిన్ని వైపు చూసింది. పిన్ని అప్పటికే దారం మూరెడు ఎక్కువ చుట్టడం మొదలుపెట్టింది.

టీచరమ్మ మూడు వారాల తర్వాత చిన్నకొడుకుతో వచ్చింది. ఇంకాస్త బక్కచిక్కింది కానీ అలాగే నిటారుగా ఉంది. బొంతని బల్ల మీద పరిపించుకుంది. కింది వరసలో ఉబ్బిన మూడు చొక్కాల మీదా చెయ్యి పెట్టి కాసేపు ఉంచింది. తర్వాత పైకి వెళ్ళింది.

"నేను చేరానని చెప్పినప్పుడు ఎన్నోది కుడుతున్నావ్?"

"పంతొమ్మిది."

ఇరవయ్యో గీత దగ్గర వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి. రెండో వరస దాటింది, మూడో వరస దాటింది. నేరుగా ఉన్నవన్నీ దాటి, నాలుగో వరసకి పైనున్న తెలుపు దగ్గరికి వచ్చి ఆగింది.

"ఈ ఆరూ ఎప్పుడు కుట్టావ్?"

"తొమ్మిదో రోజు నాలుగు, పదో రోజు రెండు. ఈ నాలుగోది, డెబ్బై మూడు, కుడుతున్నప్పుడు నాలుగుంబావైందండీ."

"నాలుగుంబావు. నా చేతిలో వాడి చెయ్యి సడలింది అప్పుడే," అంది టీచరమ్మ. తాళాలవాడు గోడ వైపు తిరిగాడు.

ఆవిడ వేలు ఆ గీత మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది.

"యాభై నాలుగు గీతలు వాడి పక్కన కూర్చున్నా. నువ్వూ మీ అన్నా కలిసి నాకు సున్నా వేసి పంపించారు. చూడు, ఎన్ని వచ్చాయో."

అతను కళ్ళు తుడుచుకుని, బొంత మడిచి మోయడానికి ముందుకు వచ్చాడు. ఆవిడ ఇవ్వలేదు.

"నీ చేతికా? ఇప్పట్లో ఇవ్వను," అని, బరువుకి పక్కకు ఒరిగిపోతున్నా తనే చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.